పది మోతాదుల సీసా

“ఒక్క పిల్ల కోసం సీసా విప్పనమ్మా. విప్పానంటే ఆరు గంటల్లో మిగతా తొమ్మిది మోతాదులూ చెత్తబుట్టలోకే. గురువారం రా. ఇంకెవరైనా పిల్లల్ని తెస్తే అప్పుడు చూద్దాం,” అంది ఉల్కాన్.

ఎదురుగా బల్లమీద కూర్చున్న తాజాగుల్ లేవలేదు. వేసవి పచ్చిక నుంచి ఈ ఊరికి పద్దెనిమిది కిలోమీటర్లు. సగం దూరం ఉన్ని లారీ ఎక్కి, మిగతా సగం పిల్లను వీపున కట్టుకుని నడిచి వచ్చింది. జోళ్ళనిండా బురద. ఆరోగ్య కేంద్రం నేలకు అంటుకుంటుందేమోనని కాళ్ళు రెండూ బల్లకిందికి ముడుచుకుంది. ఒళ్ళో పిల్ల గోడమీది టీకాల బొమ్మకేసి చూస్తూ బొటనవేలు చీకుతోంది.

“పోయిన గురువారం వచ్చానక్కా. మందు రాలేదన్నారు.”

“రాలేదు మరి. నేనేమన్నా ఇంట్లో కాచి పోస్తానా?”

“అంతకుముందు వస్తే తాళం వేసుంది.”

“జిల్లాకి మీటింగుకి పోయుంటాను. ఇక్కడ ఉన్నదాన్ని నేనొక్కదాన్నేగా! సూదీ నేనే, చీపురూ నేనే.” ఉల్కాన్ గొంతు పెరిగింది. తన తప్పు కానిదానికి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తే ఆమెకు ఒళ్ళుమంట. పాతికేళ్ళ ఉద్యోగంలో ఆమె చెప్పుకున్నవన్నీ అలాంటి సంజాయిషీలే. “మీది దక్షిణాది కదూ? మీ ఊరి కేంద్రంలో ఈ పిల్ల పేరుంటుంది. అక్కణ్ణించి చీటీ ఏమన్నా తెచ్చుకున్నావా?”

“చీటీ సంగతి తెలీదక్కా. అనార్కాన్ పెద్దమ్మ గొర్రెలు కాయడానికి మనిషి కావాలంటే మా ఆయన సరేనన్నాడు. లారీలో చోటుంది ఎక్కమన్నారు. ఎక్కేశాం.”

“అదీ సంగతి. పేరు లేదు, చీటీ లేదు. నన్నేం చెయ్యమంటావు చెప్పు?”

తాజాగుల్ లేచింది. పిల్లను వీపున వేసుకుని శాలువా ముడి బిగించుకుంది. “బజారూళ్ళో తట్టు వచ్చిందంటున్నారు. ఉన్ని లారీ డ్రైవరు ఆ ఊరివాడే. అందుకని వచ్చాను,” అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

ఉల్కాన్ ఫ్రిజ్ తెరిచి ఉష్ణోగ్రత చూసి కాగితంలో రాసింది. నాలుగు డిగ్రీలు. పై అరలో ఒకే ఒక తట్టు టీకా సీసా, పక్కన అందులో కలిపే నీళ్ళున్న చిన్న గాజుగొట్టం, కలపడానికి ఒక సూది, అట్టపెట్టెలో పిల్లలకు వెయ్యడానికి పది సూదులు. వాటితోపాటు జిల్లా నుంచి వచ్చిన జాబితాలో పది పేర్లు. పదికి పది. ఆ పదిమందిలో ఒక్కరూ ఊళ్ళో లేరు. అందరూ అమ్మానాన్నలతో, గొర్రెలతో, గుర్రాలతో పచ్చిక మీదికి పోయి నెల దాటింది.

ఫోన్ మోగింది. జిల్లాలో టీకాల లెక్కలు చూసే క్లారా.

“ఉల్కాన్, నీ శాతం ఎంతో చూసుకున్నావా? జిల్లా మొత్తం మీద కిందినుంచి రెండోదానివి.”

“పిల్లలు పచ్చిక మీదున్నారు క్లారాక్కా. దిగొచ్చేసరికి సెప్టెంబరు.”

“తట్టు సెప్టెంబరుదాకా ఆగుతానందా నీతో? ముగ్గురు పిల్లలు ఆస్పత్రిలో ఉన్నారు. కొండెక్కు.”

“జీపు పంపిస్తారా?”

“జీపుంది. డీజిలు లేదు.”

“పోనీ ఇంకో సీసా అయినా ఇవ్వండి. పైన అదనంగా ఎవరన్నా కనిపిస్తే...”

“అదనంగా ఎవరూ ఉండరు. జాబితాలో ఉన్నవాళ్ళే పిల్లలు. ఒక్క మోతాదు అటూ ఇటూ అయిందంటే రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవాలి, నువ్వూ నేనూ ఇద్దరం. గురువారం మధ్యాహ్నానికి నాకు పది పేర్లూ కావాలి.”

ఫోన్ పెట్టేశాక ఉల్కాన్ కిటికీలోంచి చూసింది. తాజాగుల్ రోడ్డువార నిలబడి ఉంది, పైకెళ్ళే బండి ఏదైనా ఆపుతుందేమోనని. పిలుద్దామా అనిపించింది. పిలిచి మాత్రం ఏం చెబుతుంది? చీపురు తీసుకుని నేలమీది బురద ఊడ్చేసింది.

*

మంగళవారం పొద్దున్నే మరిదిని అడిగి గుర్రం తెచ్చుకుంది. టీకా పెట్టెలో నాలుగువైపులా నాలుగు మంచుపలకలు నిలబెట్టింది. నీళ్ళ గొట్టం నేరుగా మంచుకు తగిలితే పగులుతుంది కనక, పలకలు చెమర్చేదాకా ఆగి, గొట్టాన్నీ సీసానూ గుడ్డలో చుట్టి మధ్యలో పెట్టి మూత బిగించింది. ఆ మంచు రెండు రోజులు ఆగుతుంది. ఎండ మరీ ఎక్కువైతే అంతకూడా ఆగదు. వాడిన సూదులు వేసే పసుపుపచ్చ అట్టపెట్టె జీను సంచిలో పడేసుకుని, టీకా పెట్టె భుజాన తగిలించుకుని గుర్రమెక్కింది. యాభై నాలుగేళ్ళ నడుము మొదటి మలుపులోనే మొరాయించింది.

పదిమంది పిల్లలు ఆరు గుడారాల్లో ఉన్నారు. ఆరు గుడారాలు నాలుగు లోయల్లో ఉన్నాయి. సీసా విప్పి నీళ్ళు కలిపాక మందుకు ఆరు గంటలే ఆయుష్షు. ఆరు గుడారాలూ గుర్రం మీద చుట్టిరావాలంటే పగలంతా పడుతుంది. కాబట్టి పిల్లలందరూ ఏదో ఒకచోటికి రావాలి. అంతే. ఇంత చిన్న సంగతి.

మొదట అనార్కాన్ దగ్గరికి వెళ్ళింది. డెబ్బై ఏళ్ళ మనిషి. పచ్చికలో పెద్ద గుడారం ఆవిడది, పెద్ద మంద ఆవిడది, పెద్ద నోరూ ఆవిడదే. రెల్లుచాప మీద పెరుగు ఉండలు ఆరబెట్టుకుంటోంది.

“ఇక్కడికే రమ్మను అందర్నీ. నా గుడారంలో చోటుకేం తక్కువ?” అంది. “ఆ తోరోబెక్ వాళ్ళు తప్ప.”

“తోరోబెక్ పిల్లలే నలుగురున్నారు పెద్దమ్మా జాబితాలో.”

“ఉంటే ఉండనీ. మా ఊటదగ్గరికి గుర్రాల్ని తోలి నీళ్ళన్నీ బురద చేసినవాడి పిల్లలు నా తివాచీ మీద కూర్చుంటారా? నా బొందిలో ప్రాణముండగా జరగదు.”

అక్కణ్ణించి గంటన్నర ప్రయాణం చేసి తోరోబెక్ గుడారం చేరింది. వాడు గొర్రెను కాళ్ళమధ్య ఇరికించుకుని ఉన్ని కత్తిరిస్తున్నాడు. వరసకు మరిది అవుతాడు.

“రావే వదినా, రాకరాక వచ్చావు. గుర్రప్పాలు తాగు. ఆ పెట్టె సంగతి మాత్రం ఎత్తకు.”

“పెట్టె సంగతి ఎత్తడానికే నడుం విరగ్గొట్టుకుని వచ్చాను. రేపు పిల్లల్ని అనార్కాన్ పెద్దమ్మ దగ్గరికి తీసుకురా.”

“ఆ ముసల్దాని గుమ్మం తొక్కడం కన్నా తట్టే నయం.”

“నోరు ముయ్యి. తట్టొచ్చిన పిల్లకి ఊపిరి ఎలా అందకుండా పోతుందో నువ్వు చూళ్ళేదు. నేను చూశాను.”

“ఊరికే అన్నాలే వదినా. నువ్వే మా దగ్గరికి అందర్నీ రప్పించు. మాకేం అభ్యంతరం?”

మూడో గుడారంలో ఆడగుర్రాలకు రెండు గంటలకోసారి పాలు పితకాలి, కదలడం కుదరదన్నారు. నాలుగో గుడారంలో కోడలు ఫోన్ తెచ్చి చూపించింది. గడ్డమాయన ఎవరో టీకాలు వేయించుకున్నవాళ్ళకు సంతానం కలగదని చెబుతున్నాడు. “నీకు ముగ్గురు పుట్టారుగదే, నీకు టీకాలు వేసింది నేనేగదే,” అంటే నవ్విందిగాని పిల్లల్ని తెస్తానని మాత్రం అనలేదు. అయిదోవాళ్ళకు శుక్రవారం పెళ్ళికి పోవాలి, పిల్లలకు జ్వరాలొస్తే ఎలాగ? ఆరోవాళ్ళు మిగతావాళ్ళు వస్తే తామూ వస్తామన్నారు. మర్యాదకు ఎక్కడా లోటు లేదు. ఆరు గుడారాల్లోనూ టీ పోశారు, నూనెలో వేయించిన బోర్సోకు రొట్టెముక్కలు పెట్టారు, వెన్న పెట్టారు. తినకపోతే ఊరుకోలేదు. పిల్లల్ని ఇవ్వమంటే మాత్రం ఒక్కరూ ఇవ్వలేదు. ఉల్కాన్‌కు ఆ టీ గొంతుదాకా వచ్చి ఆగింది.

తిరిగొస్తుంటే అనార్కాన్ గొర్రెల దొడ్డి వెనక ఏడో గుడారం కనిపించింది. చిన్నది, చిరుగులకు ప్లాస్టిక్ పట్టా కప్పి ఉంది. దాని ముందు అనార్కాన్ మనవడు బెక్తెమీర్ గొర్రె చీలమండ ఎముకలు వరసగా పేరుస్తున్నాడు. తాజాగుల్ పిల్ల వాటిని కూలదోసి కిలకిలా నవ్వుతోంది. వాడు మళ్ళీ పేరుస్తున్నాడు. గుమ్మంలో తాజాగుల్ లేచి నిలబడి తలవంచి పలకరించింది. ఉల్కాన్ కూడా తల ఊపింది. గుర్రాన్ని మాత్రం ఆపలేదు. ఆపితే పెట్టె విప్పవా అని అడుగుతుందేమోనని భయం. అడగదని కూడా తెలుసు. అదే ఇంకా బాధగా ఉంది.

*

బుధవారం పొద్దున చూసుకునేసరికి మంచుపలకలు సగం నీళ్ళయ్యాయి. కదిపితే గలగలమంటున్నాయి. పెట్టెలో ఉష్ణోగ్రత ఐదున్నర. ఎనిమిది దాటకూడదు. రాత్రి పడుకోవడానికి చోటిచ్చిన అనార్కాన్ మాత్రం, “ఇవాళ కూడా ఉండవే, తొందరేముంది,” అంటోంది.

బయట ఆవిడ కోడలు జిపార్ తోలుతిత్తిలో గుర్రప్పాలు చిలుకుతోంది. ఏడో నెల. పొట్ట అడ్డం పడకుండా పక్కకు తిరిగి నిలబడి కర్ర ఎత్తి దించుతోంది.

“ఆ మందేదో నాకు వేసెయ్యరాదా అక్కా? ఇంతదూరం వచ్చినందుకు ఒక్కటన్నా వేసినట్టుంటుంది.”

“కడుపుతో ఉన్నవాళ్ళకి ఈ టీకా వెయ్యకూడదే. కాన్పయ్యాక వేస్తాను.”

“చిన్నప్పుడు వేశారో లేదో మా అమ్మకే గుర్తులేదు. ఆ ఏళ్ళలో మందులే దొరకలేదంటుంది.”

“వెయ్యలేదు. నీ టీకాల చీటీ చూశానుగా.”

“మరి నాకు తట్టొస్తే?”

మెత్తగా ఎలా చెప్పాలా అని ఉల్కాన్ వెతుక్కుంది. మాటలు దొరక్క ఉన్నదున్నట్టు చెప్పేసింది. “నీకూ ప్రమాదమే, బిడ్డకూ ప్రమాదమే. నెలలు నిండకుండా కాన్పైపోవచ్చు. అందుకే నీ చుట్టూ తిరిగే పిల్లలకి రాకుండా చూడాలి. వాళ్ళకి రాకపోతే నీదాకా రాదు.”

జిపార్ చిలకడం ఆపింది. “నా చుట్టూ తిరిగేది ఇద్దరే. మావాడూ, తాజాగుల్ పిల్లా. ఆమె మందతో పోతే పిల్లని నేనేగా చూసేది.”

“ఆ పిల్ల జాబితాలో లేదు.”

“మా గుడారంలోనూ లేదులే.” జిపార్ గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. కోడలి మాట అత్త చెవిన పడకూడదు. “వచ్చి పదహారు రోజులైంది. మా అత్తయ్య ఇంతవరకు వాళ్ళని లోపలికి పిలిచి గిన్నెడు టీ పొయ్యలేదు. ఒరులుక్ అన్నా పెట్టలేదు. వాళ్ళ పొయ్యి వాళ్ళే వెలిగించుకున్నారు.”

పెట్టె పట్టీ బిగిస్తున్న ఉల్కాన్ చేతులు ఆగాయి. పచ్చికకు కొత్తగా వచ్చి గుడారం వేసుకున్నవాళ్ళకు, ముందొచ్చినవాళ్ళు గొర్రె కోసి పెట్టే విందు ఒరులుక్. ఆ పిలుపు అందితే చుట్టుపక్కల గుడారాలవాళ్ళు పిల్లాజెల్లాతో కదిలి రావలసిందే. ఎంత పగలున్నా రానని అనకూడదు. అంటే కొత్తవాళ్ళను వెళ్ళిపొమ్మన్నట్టు. ఆ వేసవంతా మందకు మంచిది కాదని కూడా భయం.

ఉల్కాన్ నేరుగా లోపలికి వెళ్ళి అనార్కాన్ ఎదురుగా కూర్చుంది.

“పెద్దమ్మా, మమసాలి వాళ్ళకి ఒరులుక్ ఎవరు పెట్టారు?”

“ఏ మమసాలి?”

“మీ గొర్రెలు కాసే మమసాలి. తాజాగుల్ మొగుడు.”

“జీతగాడికి ఒరులుకా? ఎక్కడన్నా ఉందిటే?”

“గుడారం వేశాడా లేదా? పొయ్యిలోంచి పొగ వస్తోందా లేదా? జీతగాడి పొయ్యికి వేరే రంగు పొగ వస్తుందా?”

“ఓసి నీ నోరు పడ! సూదులు వెయ్యడానికొచ్చావా, నాకు మర్యాదలు నేర్పడానికొచ్చావా?”

“అబ్బే, నాకెందుకు? తోరోబెక్ పెడతాడేమో కనుక్కుందామని అడిగానంతే. నిన్న వాడి దగ్గర బలిసిన గొర్రె ఒకటి చూశాను.”

అనార్కాన్ చేతిలోని గిన్నె కింద పెట్టింది. ముఖం కందగడ్డైంది. “వాడా? నా పచ్చికలో, నా మనుషులకి, వాడు పెడతాడా? జిపార్! ఆ నల్లమూతి గొర్రెపిల్లని పట్టించు. ఎవరినన్నా గుర్రమెక్కించి మిగతా అయిదు గుడారాలకీ కబురు పంపు. తోరోబెక్‌కి కూడా. ముందు వాడికే చెప్పమను.”

ఉల్కాన్ బయటికొచ్చి గాలి పీల్చుకుంది. నవ్వొచ్చింది. కాసేపటికి ఆ నవ్వు పోయింది. తాజాగుల్ పేరు చెప్పి అందర్నీ రప్పిస్తోంది. తన పెట్టెలో ఉన్నవి పది. అవి పదీ ఆ వచ్చే పదిమందికి. విందు ఎవరి పేరున జరుగుతుందో ఆ ఇంటి పిల్లకు మాత్రం లేదు. గొర్రెపిల్ల అరుపు వినిపిస్తుంటే పెట్టె మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. చేసేదేమీ లేదని తనకు తాను రెండుసార్లు చెప్పుకుంది.

*

ఎండ నడినెత్తికి వచ్చేసరికి అందరూ వచ్చారు. పాలు పితకాలన్నవాళ్ళు వచ్చారు, పెళ్ళికి పోవాలన్నవాళ్ళు వచ్చారు. గడ్డమాయన మాటలు విన్న కోడలు ఫోన్ లోపల పెట్టుకుని వచ్చింది. తోరోబెక్ భార్యతో, నలుగురు పిల్లలతో, ఒక తిత్తి గుర్రప్పాలతో వచ్చి అనార్కాన్ కేసి చూడకుండా ఆవిడ గుమ్మం దాటాడు. ఆవిడా అతనికేసి చూడకుండా కూర్చోమంది.

గుమ్మానికి ఎదురుగా, పెద్దలు కూర్చునే చోట తాజాగుల్‌నూ మమసాలినీ కూర్చోబెట్టారు. మమసాలి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. తాజాగుల్ తలకు ఉతికిన తెల్లగుడ్డ కట్టుకుంది. పిల్ల ఆమె ఒళ్ళో ఉంది.

“మాంసం ఉడికేలోపల నా పని కానిచ్చుకుంటాను,” అంది ఉల్కాన్. అతిథుల ఎదుట, పొయ్యి మీద కుండ కుతకుతమంటుంటే, కాదనడానికి ఎవరికీ ముఖం చెల్లలేదు.

బల్లపీట మీద శుభ్రమైన గుడ్డ పరిచింది. గొట్టం మెడ విరిచి, నీళ్ళు సూదిలోకి తీసి, సీసాలోకి వదిలింది. కుదపకుండా రెండు అరచేతుల మధ్య మెల్లగా తిప్పింది. పొడి కరిగి మందు లేతగా తేటపడింది. పన్నెండూ ఇరవై అని సీసా మీద పెన్నుతో రాసింది. జాబితా ఉన్న వరసలోనే పేర్లు పిలవడం మొదలుపెట్టింది.

ఒక్కొక్కరికీ జ్వరం ఉందేమో నుదురు తాకి చూడడం, మోచేతి పైన తోలు చిటికెతో పట్టుకోవడం, సూది ఏటవాలుగా దించడం, దూది నొక్కడం, సూదిని అట్టపెట్టెలో వేయడం. తోరోబెక్ పెద్దకొడుకు ఏడవనని పందెం కట్టి అందరికన్నా పెద్దగా ఏడ్చాడు. తల్లులు పిల్లల చేతుల్లో ఎండు పెరుగు ఉండలు పెట్టి ఊరుకోబెట్టారు. గుడారమంతా ఏడుపులు, నవ్వులు, మాంసం వాసన.

నాలుగో పేరు పిలుస్తూ ఉల్కాన్ తలెత్తింది. తాజాగుల్ ఒళ్ళో పిల్ల చొక్కా చెయ్యి భుజందాకా మడిచి ఉంది. ఎప్పుడు మడిచిందో తెలియదు. మొదటి పేరప్పుడే మడిచిందేమో. తాజాగుల్ ఏమీ అడగడం లేదు. ఉల్కాన్‌కేసి చూడడమూ లేదు. మడత జారకుండా రెండు వేళ్ళతో పట్టుకుని కూర్చుంది, అంతే.

ఆ తరువాతి అయిదుగురికీ ఎలా వేసిందో ఉల్కాన్‌కు సరిగ్గా గుర్తులేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. కళ్ళముందు ఆ మడిచిన చొక్కా చెయ్యే ఉంది.

తొమ్మిదైపోయాయి. పదో పేరు బెక్తెమీర్. అనార్కాన్ మనవణ్ణి ముందుకు తోసింది. “పోరా, మగాడిలా నిలబడు.”

ఉల్కాన్ చివరి మోతాదు సూదిలోకి తీసింది. గాలిబుడగ పైకి పంపింది. వాడి చెయ్యి పట్టుకుని ఆగిపోయింది. వీడికి ఏడాది వయసులో ఒక టీకా పడింది. తానే వేసింది. ఇది రెండోది. వీడి ఒంట్లో ఎంతో కొంత రక్షణ ఉంది. అక్కడున్న పిల్లకు ఒక్కటీ పడలేదు. ఇంతసేపూ జాబితా చదివిందేగాని, పాతికేళ్ళుగా తెలిసిన ఈ సంగతి ఒక్కసారీ ఆలోచించలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

“ఏంటే ఆగావు?” అంది అనార్కాన్.

“ఇదే ఆఖరుది పెద్దమ్మా. పిల్లలిద్దరున్నారు.”

“ఇద్దరెవరు? మావాడి పేరు పిలిచావుగా.”

“వీడికి ఇదివరకు ఒకటి వేశాను. ఆ పిల్లకి ఒక్కటీ లేదు. ఇప్పుడు తట్టు వస్తే ముందు పోయేది ఆ పిల్లే. వీడికి రెండోది వచ్చే నెల వేసినా ఫరవాలేదు.”

“నా మనవడిది తీసి...” అని మొదలుపెట్టింది అనార్కాన్. తాజాగుల్ తలవంచుకుని పిల్ల చొక్కా మడత విప్పబోయింది.

“విప్పకు.”

అన్నది జిపార్. పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని నిలబడి ఉంది. అత్త ఎదుట, ఇంతమంది మగవాళ్ళ ఎదుట ఆమె గొంతు ఎవరూ ఎప్పుడూ విని ఉండరు. ముఖమంతా ఎర్రబడింది. అయినా ఆగలేదు. “ఆ పిల్ల రోజంతా నా ఒళ్ళోనే ఉంటుంది అత్తయ్యా. దానికొస్తే నాకొస్తుంది. నాకొస్తే...” అని పొట్ట మీద చెయ్యి వేసుకుంది. “మావాడు ఆగుతాడు. ఆ పిల్లకి వేయించండి.”

అనార్కాన్ నోరు తెరిచింది. తిట్టు బయటికి వచ్చేలోపల తోరోబెక్ అందుకున్నాడు. “అదేంటి పెద్దమ్మా, ఒరులుక్‌కి పిలిచి అతిథి పళ్ళెంలోది లాక్కుని మనవడికి పెడతావా? మా గుడారంలో అలా చెయ్యం బాబూ.”

“నీ గుడారం సంగతి నాకు చెప్పొచ్చావా!” అంటూ అనార్కాన్ మనవణ్ణి రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. “వెయ్యవే ఉల్కాన్! ఏంటలా చూస్తావు? ఆ పిల్లకే వెయ్యి. వాడి మాటలు నేను పడలేను.”

ఉల్కాన్ తాజాగుల్ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. నుదురు తాకి చూసింది. చల్లగా ఉంది. జాబితా కింద ఖాళీలో పెన్ను ఆనించి ఆగింది. మూడుసార్లు తన దగ్గరికి వచ్చిన పిల్ల. మొన్న ఎదురుగా కూర్చోబెట్టుకుని తాను ఊరు అడిగింది, చీటీ అడిగింది.

“పిల్ల పేరేంటమ్మా?”

“సోనున్,” అంది తాజాగుల్.

సూది దిగినప్పుడు పిల్ల ఏడవలేదు. చెయ్యి వెనక్కి లాక్కుని, కోపంగా ఉల్కాన్ ముక్కు పట్టుకుంది. గుడారమంతా నవ్వింది. తాజాగుల్ మాత్రం నవ్వలేదు. చొక్కా చెయ్యి దించుతూ అడిగింది. “రెండోది ఎప్పుడక్కా? ఎక్కడికి రావాలి?”

ఉల్కాన్ వాడిన సూదిని అట్టపెట్టెలో వేసింది. పేరు ఎక్కడా లేని పిల్లను రెండోదానికి ఎవరు పిలుస్తారు?

మాంసం వడ్డించారు. కబుర్లు మళ్ళీ మొదలయ్యాయి. అరగంటసేపు పిల్లలెవరికైనా ఒంట్లో బాగుండకపోతే చూసుకోవాలని ఉల్కాన్ అక్కడే కూర్చుంది. అనార్కాన్ కొవ్వున్న మంచి ముక్క ఆమె పళ్ళెంలో వేసి పక్కకు జరిగింది.

“ఒసే, మీ ఆఫీసువాళ్ళు నిన్ను పీక్కుతింటారు కదూ? మావాడికి వేసినట్టే టిక్కు పెట్టెయ్యి. పదికి పదీ అయిపోతాయి. ఎవరొచ్చి చూస్తారు?”

“అందరం సాక్ష్యం చెబుతాం వదినా,” అన్నాడు తోరోబెక్. నిన్నటినుంచి ఆ ఇద్దరూ ఒక్కమాట మీద నిలబడ్డది ఇప్పుడే. పాపం మంచికే అంటున్నారు. ఉల్కాన్‌కు ఒక్క క్షణం పెన్ను తీయాలనిపించింది కూడా. టిక్కు పెడితే ఈ పిల్లాడికి రెండోది పడ్డట్టే రాసి ఉంటుంది. ఇక ఎవరూ వెయ్యరు. సోనున్ ఎక్కడా ఉండదు.

“వద్దు పెద్దమ్మా,” అని ముక్క కొరికింది.

*

గురువారం మధ్యాహ్నం ఫోన్ మోగేసరికి ఉల్కాన్ మందు లేని ఫ్రిజ్ ఉష్ణోగ్రత రాస్తోంది. మందున్నా లేకపోయినా రోజూ రెండుసార్లు రాయాలి.

“చెప్పు. పదీనా?”

“పది మోతాదులూ వేశాను. జాబితాలో తొమ్మిదిమందికి. ఒకటి జాబితాలో లేని పిల్లకి. పద్నాలుగు నెలలు, మొదటి టీకా.”

అవతల క్లారా ఊపిరి గట్టిగా వదిలింది. “చెప్పానా లేదా నీకు? చెప్పానా? ఇప్పుడు నేనేం రాసుకోవాలి? నాకిక్కడ రెండే గళ్ళున్నాయి. జాబితాలో వేసినవి, వృథా అయినవి. ఆ ఒకటీ వృథా కింద వేసేస్తాను. నువ్వు సంజాయిషీ రాసి పంపు, గొడవ వదులుతుంది.”

“వృథా కాలేదక్కా. పిల్ల చేతిలోకి వెళ్ళింది.”

“ఆ పిల్ల నా దగ్గర లేదు ఉల్కాన్! లేని పిల్లకి టీకా ఎలా పడుతుంది?”

“అయితే ఎక్కించుకోండి. సోనున్. తండ్రి మమసాలి, తల్లి తాజాగుల్.”

“ఎక్కించుకుంటే ఏమవుతుందో తెలుసా? పుట్టినప్పటినుంచి వెయ్యాల్సినవన్నీ నీ లెక్కలోకొస్తాయి. పోలియో, క్షయ, కోరింత దగ్గు, అన్ని గళ్ళూ ఖాళీ. అన్నిట్లోనూ నీ శాతం పడిపోతుంది. కిందినుంచి రెండోదానివి, ఇక నీకింద ఎవరూ ఉండరు.”

“పడనివ్వండి. ఆ గళ్ళన్నీ ఒక్కోటీ నేనే నింపుకుంటాను. పిలవాలంటే పేరుండాలిగా.”

“మొండిదానివి,” అంది క్లారా. గొంతులో కోపమే ఉంది, అయినా కీబోర్డు టకటకలు వినిపించాయి. అంతలోనే ఆగాయి. “చిరునామా? చిరునామా లేకపోతే ఇది ముందుకు కదలదు. వీధి, ఇంటి నంబరు. గుడారం, కొండ అంటే తీసుకోదు.”

వేయని టీకాకు టిక్కు పెట్టనన్న ఉల్కాన్ ఈ మాటకు మాత్రం తడుముకోలేదు. “మిల్లు వీధి, తొమ్మిదో నంబరు.”

“అది మీ ఇల్లు కదే.”

“అవును. రాసుకోండి.”